కాలేజీ పత్రిక నుంచి కాలయంత్రం దాకా

సైన్సు చదివేవాడికి కథలెందుకని అడిగేవాళ్లకు హెచ్.జి. వెల్స్ జీవితం చెబితే చాలు.

1866 సెప్టెంబరు 21న ఇంగ్లండులో, కెంట్ ప్రాంతపు బ్రామ్లీలో పుట్టాడు. తండ్రిది పింగాణీ సామాన్ల కొట్టు. ఆయన క్రికెట్ బౌలరు కూడా. 1862లో కెంట్ జట్టుకు ఆడుతూ వరుసగా నాలుగు బంతులకు నాలుగు వికెట్లు తీశాడు. కొట్టు మాత్రం నడవలేదు. పిల్లవాడికి ఏడెనిమిదేళ్లప్పుడు కాలు విరిగి మంచం పట్టాడు. ఆ రోజుల్లో చేతికందిన పుస్తకమల్లా చదివేశాడు. తర్వాత బట్టల కొట్లో పనికి పెట్టారు. రోజుకు పదమూడు గంటల చాకిరీ! రెండేళ్లు భరించి, ఇక నావల్ల కాదని తల్లితో పోట్లాడి బయటపడ్డాడు.

1884లో వారానికి ఒక గినీ స్కాలర్‌షిప్‌తో లండన్‌లోని నార్మల్ స్కూల్ ఆఫ్ సైన్సులో చేరాడు. మొదటి ఏడు జీవశాస్త్రం చెప్పింది డార్విన్ పక్షాన నిలబడి వాదించిన హక్స్‌లీ. కోతి నుంచి మనిషిదాకా వచ్చిన పరిణామం మనిషితో ఆగిపోతుందా? ఈ ప్రశ్న వెల్స్‌ను జన్మంతా వదల్లేదు. ఆ తర్వాతి పాఠాలు రుచించలేదు. డిబేట్లలో తిరిగాడు, 1886లో మిత్రులతో కలిసి కాలేజీ పత్రిక పెట్టి మొదటి సంపాదకుడయ్యాడు. ఫలితం? 1887లో భూగర్భశాస్త్రం తప్పాడు. (మన యూనియన్ మిత్రులు ఈ వాక్యాన్ని ఇంట్లో చదివి వినిపించకుండా ఉంటే మంచిది. 1890లో డిగ్రీ తెచ్చుకున్నాడని కూడా చెప్పాలి మరి.)

అదే కాలేజీ పత్రికలో 1888లో కాలంలో ప్రయాణించే యంత్రం గురించి ఒక కథ మొదలుపెట్టి, మూడు భాగాలు రాసి మధ్యలో వదిలేశాడు. పంతులు ఉద్యోగం చేస్తుండగా ఫుట్‌బాల్ ఆటలో మూత్రపిండం దెబ్బతింది, ఊపిరితిత్తుల నుంచి రక్తం పడింది. 1893లో పాఠాలు చెప్పడం మానక తప్పలేదు. బతకడానికి కలమే మిగిలింది. పాత కథను మళ్లీ మళ్లీ తిరగరాశాడు. 1895లో అది 'ది టైమ్ మెషీన్' నవలగా వచ్చింది. అదే ఏడు మొదటి కథల సంపుటి, 'ది స్టోలెన్ బాసిలస్' వెలువడింది.

నాకైతే నవలలకన్నా ఆ చిన్న కథలే ఇష్టం. ఆ సంపుటికి పేరిచ్చిన కథలో ఒక అరాచకవాది కలరా క్రిములనుకొని దొంగిలించిన గొట్టంలో ఉన్నది జీవుల ఒంటిని నీలంగా మార్చే క్రిమి! 1899 సంపుటిలోని 'ది స్టార్'లో ఒక గోళం భూమిని రాసుకుంటూ పోతుంది. వరదలు, భూకంపాలు, ప్రజల హాహాకారాలు. చివర్లో అంగారకుడి మీది ఖగోళజ్ఞులు దూరం నుంచి చూసి, పెద్ద నష్టమేమీ జరగలేదని తేల్చేస్తారు. ఆ ఒక్క దెబ్బతో మన గొప్పంతా ఆవగింజంత అయిపోతుంది. 1901లో రాసిన 'ది న్యూ యాక్సెలరేటర్'లో మందు తాగిన ఇద్దరికి లోకం నిలిచిపోయినట్లుంటుంది. చేతిలోంచి వదిలిన గాజుగ్లాసు గాలిలోనే ఆగుతుంది.

కిటుకు ఒకటే. కథకు ఒక్క అసాధ్యం చాలునన్నాడు. మిగతా వీధి, మనుషులు, టీకప్పు అన్నీ మనకు తెలిసినవే కావాలి. అందుకే నమ్ముతాం, నమ్మాక ఒళ్లు జలదరిస్తుంది.

1911 నాటి 'ది కంట్రీ ఆఫ్ ది బ్లైండ్' సంపుటి తర్వాత కథలు బాగా తగ్గాయి. లోకాన్ని బాగుచేసే పుస్తకాల్లో పడ్డాడు. 1903లో కథలో నడిపించిన ఉక్కు యుద్ధశకటాలు 1916లో నిజంగానే యుద్ధభూమికొచ్చాయి. 1914 నవలలో తాను పేరుపెట్టిన అణుబాంబు హిరోషిమా మీద పడిన మరుసటి ఏడు, 1946 ఆగస్టు 13న, లండన్‌లో కన్నుమూశాడు.