సర్ రొనాల్డ్ రాసుగారి చరిత్రము

మన శ్రీకాకుళ, విజయనగర మండలములలో మన్యపు జ్వరము నెఱుగని పల్లె యరుదు. మేము పార్వతీపురపు ప్రాంతమున ఉపాధ్యాయత్వము నెఱపిన దినములలో వానలు వెనుకబట్టునప్పటికి బడిలో బల్లలు బోసిపోయెడివి. ఆ వ్యాధి మర్మమును ఛేదించిన మహనీయుడు రాసుగారు.

వీరు 1857వ సంవత్సరమున అల్మోరాలో సైనికాధికారి కుమారులై జన్మించి, లండనులో వైద్యమభ్యసించి, 1881లో ఇండియన్ మెడికల్ సర్వీసున ప్రవేశించిరి. సికిందరాబాదులో పరిశోధించుచు, దోమలు చెదరునని పంకాయైనను వీయనీయలేదు. చెమటచే సూక్ష్మదర్శిని మరలు త్రుప్పుపట్టెను, కంటియద్దము బీటవాఱెను. అయినను విడువక, 1897 ఆగస్టు 20న, హుసేన్ ఖాను అను రోగి రక్తము గ్రోలిన దోమ యుదరమున మలేరియా క్రిమిని గాంచిరి. మఱుసటియేట కలకత్తాలో, ఆ జాతి క్రిములు దోమకాటు వలన పక్షులకు సంక్రమించుట నిరూపించిరి. ప్రయాణములకు అనువైన చిన్న సూక్ష్మదర్శినిని స్వయముగా రూపొందించిరి. 1902లో నోబెలు బహుమానము నందిరి, 1932లో దివంగతులైరి.

తన చేయి నొసగిన హుసేన్ ఖానునకు దక్కినది దోమ కొక యణా. రాసుగారిని స్మరించునపుడు ఆతనిని మఱువరాదని మా మనవి. మన విద్యానిధి పోషకులు ఒక్క పాఠశాలకైనను సూక్ష్మదర్శినిని కొనియిచ్చిన, ఆ ఋణము కొంత తీఱును.