రేడియో అన్నయ్య

మానవుడు తన మనసులోని మాటను ఇతరులకు తెలుపుటకు ఎన్నియో సాధనములను కల్పించుకొనెను. తాటియాకులపై గంటముతో వ్రాసెను. అచ్చుయంత్రమును నిర్మించెను. తుదకు తన కంఠధ్వనిని విద్యుత్తరంగములుగా మార్చి, నూర్లకొలది మైళ్ల దూరమున నున్న వారికి క్షణములో వినిపించుటకు నేర్చెను. పుస్తకము చదువుటకు అక్షరజ్ఞానము కావలెను. రేడియో వినుటకు చెవియున్న చాలును. అందుచేతనే అది పండితునకును పామరునకును, నగరవాసికిని పల్లెవాసికిని సమానముగా ఉపకరించినది. అయినను యంత్రము తనంత తాను పలుకదు. దాని వెనుక ప్రేమతో పలుకు మనుష్యుడు ఉండవలెను. తెలుగు బాలబాలికల కొరకు అట్లు ప్రేమతో పలికినవారు న్యాయపతి రాఘవరావుగారు. వారి అసలు పేరు ఎరుగని పిల్లలు కూడ రేడియో అన్నయ్య యనగానే వారిని గుర్తించెడివారు.

రాఘవరావుగారు 1905వ సంవత్సరము ఏప్రిల్ 13వ తేదీన బరంపురములో జన్మించిరి. ఇప్పుడు ఆ పట్టణము ఒడిశా రాష్ట్రములో నున్నది. అప్పుడు గంజాము జిల్లాతోపాటు మద్రాసు రాజధానిలో చేరియుండెను. తెలుగు, ఒడియా భాషలు రెండును ఇరుగుపొరుగులవలె మెలగుచున్న సీమ అది. 1934వ సంవత్సరములో వారికి కామేశ్వరిగారితో వివాహమైనది. ఆ యిల్లాలు భర్తకు గృహకృత్యములలో మాత్రమేగాక, ఆయన తలపెట్టిన ప్రతి కార్యములోను సమానముగా పాలుపంచుకొనెను. కాలక్రమమున ఆయన అన్నయ్య కాగా, ఆమె అక్కయ్య అయ్యెను. తెలుగునాట ఏ యింటి పిల్లలకైనను వారిద్దరును సొంతవారే.

ఆ దినములలో రేడియో మన దేశమునకు క్రొత్త. మద్రాసులో 1924వ సంవత్సరమున కొందరు ఉత్సాహవంతులు ఒక రేడియో క్లబ్బును నెలకొల్పి, ఔత్సాహిక ప్రసారములు చేసిరి. ధనాభావముచే వారు దానిని చిరకాలము నడుపలేకపోగా నగరపాలక సంస్థ ఆ బాధ్యతను వహించెను. పిమ్మట 1938వ సంవత్సరము జూన్ 16వ తేదీన అచ్చట ఆలిండియా రేడియో కేంద్రము ప్రారంభమైనది. ఒకే కేంద్రము నుండి తమిళము, తెలుగు రెండును వినబడవలెను గనుక తెలుగునకు దొరకిన కాలము పరిమితము. ఆ పరిమిత కాలములోనే వార్తలు, సంగీతము, నాటకములు, ప్రసంగములు అన్నియు ఇముడవలెను. పెద్దల కార్యక్రమములకే చాలని చోట పిల్లల సంగతి తలచువారెవరు?

రాఘవరావుగారు తలచిరి. మద్రాసు కేంద్రము వెలసిన తొలి సంవత్సరములలోనే వారు తెలుగు పిల్లల కార్యక్రమమును చేపట్టిరి. పిల్లలకు హితము బోధించుట సులభము. వారిచేత వినిపించుకొనుట కష్టము. గంభీరమైన కంఠముతో నీతులు వల్లించినచో ఇంటివద్దనున్న బాలుడు రేడియో విడిచి వీధిలోని ఆటకు పరుగెత్తును. ఈ సత్యమును గ్రహించి రాఘవరావుగారు ఉపన్యాసకునివలె గాక, ఇంటిలోని పెద్దన్నవలె మాటలాడిరి. అంతటితో తృప్తి చెందక, పిల్లల కార్యక్రమములో పిల్లలే పాడవలెను, పిల్లలే ఆడవలెను, పిల్లలే మాటలాడవలెనని నిశ్చయించుకొనిరి. ఆటవిడుపు, బాలానందము అను పేర్లతో వారు నిర్వహించిన కార్యక్రమములు ఈ నిశ్చయమునకు ఫలములు.

అయితే శిక్షణ లేని బాలుని మైక్రోఫోను ఎదుట నిలుపుట ఎట్లు? ఆ కాలమున ప్రసారములలో అధికభాగము అప్పటికప్పుడు జరుగునవే. ముందుగా ధ్వనిని ముద్రించి, తప్పులు దిద్ది, పిమ్మట వినిపించు సౌకర్యము నేటివలె సులభము కాదు. ఒకమారు నోటినుండి జారిన మాట శ్రోత చెవిలో పడితీరవలసినదే. మాట మరచినను, పాట తాళము తప్పినను, చేతిలోని కాగితము గలగలలాడినను దేశమంతయు వినును. పెద్దపెద్ద విద్వాంసులకే గొంతు తడియారు ఆ గదిలో ఎనిమిదేండ్ల పసివాడు బెదరక నిలువవలెనన్నచో వానికి ధైర్యమిచ్చు తోడు కావలెను. ఎన్నో దినముల సాధనయు కావలెను. రేడియోలో వినబడునది కొద్ది నిమిషములు. దాని వెనుక జరుగు శ్రమ ఎంతయో.

ఆ శ్రమకు తగిన స్థానముగా 1940వ సంవత్సరములో మద్రాసు నగరమున రాఘవరావు దంపతులు ఆంధ్ర బాలానంద సంఘమును స్థాపించిరి. అచ్చట పిల్లలకు పాటలు, నాటికలు, నృత్యములు, కథలు చెప్పు విధానము మొదలైనవి నేర్పబడెను. బడిలో వెనుకబడిన పిల్లవాడు అచ్చట నటుడు కావచ్చును. నలుగురిలో నోరువిప్పుటకు సిగ్గుపడు బాలిక అచ్చట గాయని కావచ్చును. చదువు ఒక్కటే తెలివికి కొలత అని తలచు ఆ రోజులలో, ఆటపాటలు కాలవ్యర్థములని పెక్కుమంది తల్లిదండ్రుల విశ్వాసము. ఆడపిల్లలు వేదికనెక్కి నటించుట అనేకులకు రుచింపని విషయము. అట్టి వాతావరణములో పిల్లలను పోగుచేసి కళలు నేర్పుటకు సాహసము కావలెను. అక్కయ్య అచ్చట నుండుట తల్లులకు నమ్మకము కలిగించినది. అన్నయ్య అచ్చట నుండుట పిల్లలకు ఉత్సాహము కలిగించినది.

రేడియోలో పలికిన మాట గాలిలో కలసిపోవును. మరల వినవలెనన్నను వినుటకు వీలులేదు. పైగా నాడు రేడియో సెట్టు ధనవంతుల యిండ్లలోనే యుండెడిది. దానిని ఉంచుకొనుటకు సర్కారువారికి ఏటేట రుసుము చెల్లించి లైసెన్సు పొందవలసి యుండెను. సెట్టు లేని పిల్లలను చేరుట ఎట్లని ఆలోచించిన దంపతులు 1945వ సంవత్సరమున బాల అను మాసపత్రికను వెలువరింప నారంభించిరి. అది ప్రపంచయుద్ధము ముగియుచున్న కాలము. కాగితమునకు కరవు. అట్టి సమయమున పిల్లల కొరకు పత్రిక పెట్టుట లాభము కోరి చేయదగిన పని కాదు.

పత్రికలోను వారు తమ నియమమును విడువలేదు. పిల్లల వ్రాతలకును, పిల్లల బొమ్మలకును అందు చోటు దొరకెను. ఆ కాలమున మద్రాసులో చదువుకొనుచున్న ముళ్లపూడి వెంకటరమణ అను బాలుని మొదటి కథ 1945లో బాల పత్రికయందే అచ్చయినది. ఆయన మిత్రుడు బాపు గీసిన తొలి బొమ్మలకును ఆ పత్రికయే చోటిచ్చినది. తరువాత ఆ ఇరువురును తెలుగు సాహిత్యములోను, చిత్రకళలోను, చలనచిత్రములలోను ఎంతటి కీర్తి గడించిరో తెలుగువారందరును ఎరుగుదురు. పదునాలుగేండ్ల పిల్లవాని వ్రాతను పెద్దలు చిన్నచూపు చూచి త్రోసివేసియున్నచో ఏమగునో ఎవరు చెప్పగలరు? మొలకకు నీరు పోసినవాడు చెట్టుకు పేరు పెట్టుకొనడు. అయినను ఆ చెట్టు నీడలో ఆతని పుణ్యము దాగియుండును. బాల పత్రిక 1959వ సంవత్సరము వరకు తెలుగు పిల్లలను అలరించినది.

ఈలోగా తెలుగుదేశపు చరిత్రలో పెద్ద మార్పులు కలిగెను. 1956వ సంవత్సరము నవంబరు 1వ తేదీన హైదరాబాదు రాజధానిగా ఆంధ్రప్రదేశ్ ఏర్పడినది. రాఘవరావుగారు మద్రాసు విడిచి హైదరాబాదు చేరిరి. అప్పటికి వారి వయస్సు ఏబదియొక్క సంవత్సరములు. ఎరిగిన నగరమును, చేతులారా పెంచిన సంస్థను, చుట్టు మూగిన పిల్లలను విడిచి క్రొత్తచోట మరల మొదటినుండి ఆరంభించుట ఆ వయస్సులో సులభము కాదు. అయినను వారు వెనుదీయలేదు. నారాయణగూడలో బాలానంద సంఘము మరల చిగిర్చినది.

హైదరాబాదులో రేడియోకు అంతకుముందే చరిత్ర కలదు. 1935వ సంవత్సరమున నిజాము ప్రభుత్వము అచ్చట డెక్కన్ రేడియోను నెలకొల్పెను. దానిలో ఉర్దూ ప్రధానముగా వినబడెడిది. 1950వ సంవత్సరము ఏప్రిల్ 1వ తేదీన అది ఆలిండియా రేడియోలో విలీనమైనది. నాటినుండి అచ్చట తెలుగు ప్రసారములు వృద్ధినొందసాగెను. క్రొత్త రాష్ట్రములో వేరువేరు ప్రాంతముల తెలుగు పిల్లలు ఒకరి మాట ఒకరు వినుటకు రాఘవరావుగారి కార్యక్రమములు తోడ్పడెను.

హైదరాబాదునకు పడమట, బొంబాయి పోవు బాటలో సుమారు వంద కిలోమీటర్ల దూరమున జహీరాబాదు పట్టణము కలదు. 1956 వరకు అది బీదరు జిల్లాలోని ఊరు. పిమ్మట మెదకు జిల్లాలో చేరినది. 2016 నుండి సంగారెడ్డి జిల్లాలో నున్నది. తెలుగు, ఉర్దూ, కన్నడము, మరాఠీ నాలుగును కలిసి వినబడు ఊరు అది. ఇట్టి ఊళ్లకు రాజధాని నగరపు సంగీత సభలుగాని, నాటకశాలలుగాని రాలేవు. వానిని మోసికొనిపోగలది రేడియో ఒక్కటే. నగరములో ఒక బాలిక పాడిన పాట అదే క్షణమున పల్లెలోని బాలిక వినును. ఆమెకును పాడవలెనను కోరిక పుట్టును. కాని ఆమె పాటను నగరము వినుటకు మార్గము లేకుండెను. మైక్రోఫోను నగరములో నుండెను. దాని ఎదుట నిలువవలెనన్నచో నగరమునకు పోవలెను.

ఆ లోటు చాలకాలమునకుగాని తీరలేదు. జహీరాబాదు చేరువలోని మాచనూరు గ్రామములో 1998వ సంవత్సరమున ఒక స్టూడియో వెలసినది. ప్రసారమునకు అనుమతి లేకపోవుటచే అచ్చటి దళిత రైతుస్త్రీలు పదేండ్లపాటు తమ పాటలను, మాటలను కేసెట్లపై ముద్రించి, గ్రామసంఘముల సమావేశములలో వినిపించుకొనిరి. 2008వ సంవత్సరము అక్టోబరు 15వ తేదీన వారి సంఘం రేడియో ప్రసారములు ఆరంభించినది. విత్తనములు, చిరుధాన్యములు, పండుగలు, జానపద గేయములు అన్నియు వారి సొంత యాసలో ఆ రేడియోలో వినబడెను. ఎవరి కథను వారే చెప్పుకొనవలెనను భావమునకు ఇదియొక నిదర్శనము. మద్రాసు స్టూడియోలో పసివానిచేత మాటలాడించిన అన్నయ్య ఆశయమునకు ఇది చుట్టమే.

కామేశ్వరిగారు 1980వ సంవత్సరములో కన్నుమూసిరి. నలుబదియారేండ్ల తోడు దూరమైన తరువాత రాఘవరావుగారు మూడేండ్లకు పైగా జీవించి, 1984వ సంవత్సరము ఫిబ్రవరి 24వ తేదీన పరమపదించిరి. నాటికి వారివద్ద ఆటపాటలు నేర్చిన పిల్లలు పెద్దవారై, తమ పిల్లలకు అవే పాటలు నేర్పుచుండిరి.

రాఘవరావుగారు రాజ్యములు ఏలలేదు, సిరులు కూడబెట్టలేదు. పెద్దలు మాటలాడుచుండగా పిల్లలు నోరు మెదపరాదని శాసించిన కాలమున, పిల్లలకును చెప్పదగిన మాట ఉండునని వారు నమ్మిరి. వారు పలుకుచుండగా ఓర్పుతో వినిరి. పిమ్మట లోకముచేత వినిపించిరి. మాటలాడుట నేర్పువారు లోకములో పలువురు గలరు. చిన్నవారి మాటను ఆదరముతో వినువారు అరుదు. అట్టివారిలో అగ్రగణ్యులగుటచేతనే తెలుగు పిల్లలు వారికి అన్నయ్య యను పేరిచ్చిరి. ఏ ప్రభుత్వమును ఈయజాలని బిరుదు అది.