రికాబు ఎముకను కదిలించినాయన

మా పిన్నిది రేపల్లె. తెనాలి వెళ్లే రైలు గోలలో ఏం చెప్పినా ఆమెకి వినిపిస్తుంది. ఇంట్లో నిశ్శబ్దంగా ఉన్నప్పుడు మాత్రం రెండు మూడు సార్లు పిలవాలి. కావాలనే పలకడం లేదని అనుకునేవాళ్లం. కాదని తెనాలి డాక్టరుగారు చెప్పారు. గోలలో మనమే గొంతు పెంచుతాం, ఆ గోల ఆమెకి పెద్దగా అడ్డురాదు. జబ్బు పేరు ఓటోస్క్లిరోసిస్. మధ్య చెవిలో రికాబు ఆకారంలో మూడు మిల్లీమీటర్లుండే స్టేపిస్ ఎముక బిగుసుకుపోతుంది. శబ్దం లోపలి చెవికి చేరదు. ఆపరేషన్ అనగానే పిన్ని భయపడింది. బాపట్లలో హాస్టల్‌కి వచ్చాక ఆ ఆపరేషన్ గురించి చదువుతుంటే శామ్యూల్ రోజెన్ కథ దొరికింది.

ఆయన 1897లో అమెరికాలోని సిరక్యూస్‌లో ఓ పేద యూదు కుటుంబంలో పుట్టాడు. న్యూయార్క్ మౌంట్ సైనాయ్ ఆసుపత్రిలో చెవి వైద్యుడయ్యాడు. అప్పట్లో ఈ జబ్బుకి లోపలి చెవి గోడకి కొత్తగా కన్నం పెట్టేవారు. తర్వాత చాలా రోజులు కళ్లు తిరిగేవి. 1952లో అలాంటి ఆపరేషన్ చేస్తూ, స్టేపిస్ నిజంగా బిగుసుకుందో లేదో చూద్దామని రోజెన్ దాన్ని మెల్లగా నొక్కాడు. అది కదిలింది! మెలకువగానే ఉన్న రోగికి వెంటనే మాటలు వినిపించాయి.

నిజానికి 19వ శతాబ్దంలోనే యూరప్‌లో కొందరు ఈ ఎముకను కదిలించారు. ఇన్ఫెక్షన్ భయంతో వదిలేశారు. రోజెన్ మాత్రం వదల్లేదు. శవాల చెవుల మీద సాధన చేశాడు, సన్నటి పనిముట్లు తయారు చేయించాడు, దేశదేశాలు తిరిగి ఈ పద్ధతి నేర్పాడు.

కానీ చాలామందిలో ఎముక మళ్లీ బిగుసుకునేది. 1956లో మెంఫిస్‌లో జాన్ షే ఆ ఎముకను తీసేసి టెఫ్లాన్‌తో చేసిన దాన్ని పెట్టాడు. ఈనాటి ఆపరేషన్ ఆ దారిలోదే. రోజెన్ పద్ధతి వెనకబడింది, ఆయన మాత్రం ఆగలేదు. సూడాన్‌లో మబాన్ తెగ దగ్గరికి వెళ్లి పరీక్షలు చేశాడు. చప్పుళ్లు లేని ఆ ఊళ్లలో ముసలివాళ్లకి కూడా వినికిడి చక్కగా ఉందని గమనించాడు. 1981లో బీజింగ్‌లో చనిపోయాడు.

ఇదంతా పిన్నికి రైల్లోనే చెప్పాను. నూటికి ఒకరికి ఆ చెవి పూర్తిగా పోవచ్చన్న సంగతీ దాచలేదు. చాలాసేపు కిటికీలోంచి చూసి, ముందు ఒక చెవికి చేయించుకుంటానంది.