గిడుగు వేంకట రామమూర్తి పంతులు

పర్లాకిమిడి నేడు ఒడిశా రాష్ట్రములోని గజపతి జిల్లాకు ముఖ్యపట్టణము. పూర్వమది మద్రాసు రాజధానియందలి గంజాం జిల్లాలో చేరియుండెను. ఆ చుట్టుపట్ల కొండలలో సవరలను ప్రాచీనజాతివారు నివసింతురు. వారి భాష తెలుగును కాదు, ఒరియాయును కాదు. ముండా భాషాకుటుంబమునకు చెందినది. ఆ కాలమున దానికి లిపి లేదు, పుస్తకము లేదు. కొండదిగి సంతకు వచ్చిన సవరను అతని భాషలో పలుకరించు విద్యావంతుడును లేడు.

1880వ సంవత్సరమున ఆ పట్టణమందలి రాజావారి పాఠశాలకు ఇరువదియేండ్లైనను నిండని యువకుడొకడు ఉపాధ్యాయుడై వచ్చెను. ఆయనయే గిడుగు రామమూర్తి పంతులుగారు. శ్రీముఖలింగ క్షేత్రమునకు సమీపమున వంశధారాతీరమందలి పర్వతాలపేటలో 1863 ఆగస్టు 29వ తేదీన జన్మించిరి. బాల్యముననే తండ్రి గతించుటచే విజయనగరమున బంధువుల యింట నుండి చదువుకొనిరి. గురజాడ అప్పారావుగారు అచట వారికి సహాధ్యాయులు. ఉద్యోగము చేయుచునే స్వయంకృషిచే పట్టపరీక్షలో కృతార్థులైరి. పాఠశాల కళాశాలగా పెరిగిన పిదప అందును బోధించిరి.

సవరల మాటలు పంతులుగారి చెవినిబడినది మొదలు వారి మనస్సు వానిపై నిలిచెను. తెలుగును సవరయు నెరిగిన యొకనిని తమ యింటనే యుంచుకొని ఆ భాషను అభ్యసింపసాగిరి. నేర్పుటకు వ్యాకరణము లేదు, వినుటయే మార్గము. సవరలు కొన్ని పదములలో అచ్చును పలుకుచు గొంతులో గాలిని క్షణకాలము బిగబట్టి విడుతురు. తెలుగు అక్షరములలో అట్టి ధ్వనికి గుర్తు లేదు. వారి లెక్కయు వేరు. పండ్రెండు దాటినంతనే పండ్రెండునొకటి, పండ్రెండురెండు అని చెప్పుదురు. ఇరువది వచ్చినచో అదియు నొక మూలసంఖ్య యగును. ముప్పదిమూడును ఇరువదియు పండ్రెండును ఒకటియునని కూర్తురు. పదులచొప్పున లెక్క నేర్పు బడిలో ఇట్టి బాలుడు తడబడినచో అది వాని తెలివితక్కువయగునా? మీరే ఆలోచింపుడు. ఉపాధ్యాయుడు తెలుగున అడుగును, బాలుడు మిన్నకుండును, వానికి మందమతియను పేరు స్థిరపడును. వాడు మరునాడు బడికి రాడు.

పంతులుగారు ఈ సంగతిని గ్రహించిరి. తాము సేకరించిన పదములను బీరువాలో దాచియుంచలేదు. సవరభాషలో పాఠ్యపుస్తకములు రచించి, సవరల పిల్లలకై బడులు నెలకొల్పి, ఆ బడులలోని ఉపాధ్యాయులకు తమ ధనమునుండియే జీతములిచ్చిరి. బడిపంతులు సంపాదనలో ఇది యెంత భారమో, ముప్పదియేండ్లకు పైగా అదే వృత్తిలో నుండిన నేను చక్కగా నెరుగుదును. కొండలలో తిరుగుటచే వారికి మలేరియా సోకినది. దానికై మితిమీరి సేవించిన క్వినైను వలన వినికిడి తగ్గెను. భాషను చెవితో పట్టిన పండితునకు కలిగిన నష్టమిది! అయినను కృషి మానలేదు.

1907 ప్రాంతమున యేట్సు అను ఆంగ్లేయుడు ఉత్తర మండలములకు పాఠశాలల పర్యవేక్షకుడుగా వచ్చెను. తెలుగు నేర్చుకొనుచు, ప్రజల నోటిమాటకును పుస్తకపు మాటకును ఇంత దూరమేలయని ఆయన సందేహించెను. విశాఖపట్టణమున కళాశాలాధ్యక్షులగు పి. టి. శ్రీనివాస అయ్యంగారును, గురజాడవారును, పంతులుగారును ఆ ప్రశ్నను చేపట్టిరి. బడి పర్యవేక్షకుడును కళాశాలాధ్యక్షుడును కవియును భాషాశాస్త్రజ్ఞుడును కలసి బడిపిల్లల తెలుగును గూర్చి చర్చించుట అంతకుముందు మన దేశమున అరుదు. 1911లో ఉద్యోగము విరమించిన పిదప పంతులుగారు వ్యావహారిక భాషకై ఊరూర తిరిగి వాదించిరి. 1919లో ‘తెలుగు’ అను మాసపత్రికను నడపిరి. (నేనీ పాఠమును ఇట్టి భాషలో వ్రాయుట చూచినచో వారు నన్ను నిలువున ఖండించియుండెడివారు. పండిత శిక్షణలో అబ్బిన అలవాటు నన్ను విడువకున్నది.)

పంతులుగారి సవరభాషా వ్యాకరణము 1931లో మద్రాసు ప్రభుత్వము వారిచే వెలువడెను. 1936లో పర్లాకిమిడి ఒరిస్సాలో చేర్చబడగా, దానినెదిరించిన పంతులుగారు, ఐదుపదులకు పైగా నివసించిన ఆ పట్టణమును వీడి రాజమహేంద్రవరము చేరిరి. 1938లో వారి సవర-ఆంగ్ల నిఘంటువు ముద్రితమయ్యెను. విశ్వవిద్యాలయమున ఏనాడును ఆచార్యపదవి నలంకరింపని ఆ బడిపంతులుగారికి ఆంధ్ర విశ్వకళాపరిషత్తు ‘కళాప్రపూర్ణ’ బిరుదమిచ్చి గౌరవించెను. 1940 జనవరి 22వ తేదీన వారు పరమపదించిరి. వారి కుమారులు సీతాపతిగారును సవరభాషా పరిశోధనలో తండ్రిగారి త్రోవనే నడచిరి.