డాక్టర్ జాన్సన్: సమతూకపు వాక్యము

ఆంగ్ల వాక్యరచనలో సమనిర్మాణమను గుణమొకటి కలదు. ఒకే వాక్యమున రెండు మూడు భావములను వరుసగా చెప్పవలసివచ్చినపుడు వానినన్నింటిని ఒకే వ్యాకరణరూపమున నిలుపుట దాని లక్షణము. రీడింగ్, రైటింగ్ అని మొదలిడి టు థింక్ అని ముగించిన విద్యార్థికి ఉపాధ్యాయుడు థింకింగ్ అని దిద్దుట ఈ నియమమును బట్టియే. ఈ గుణమునకు పదునెనిమిదవ శతాబ్దమున పరమోదాహరణముగా నిలిచినవాడు డాక్టర్ శామ్యూల్ జాన్సన్.

ఆయన 1709 సెప్టెంబరు 18వ తేదీన ఇంగ్లండులోని లిచ్‌ఫీల్డు పట్టణమున జన్మించెను. తండ్రి మైకేలు పుస్తక విక్రేత. శైశవముననే గండమాల సోకి చూపు మందగించెను. అయినను తండ్రి యంగడిలోని గ్రంథములే ఆయనకు విద్యాశాలయైనవి. 1728లో ఆక్స్‌ఫర్డులోని పెంబ్రోక్ కళాశాలలో చేరెను గాని, ధనాభావముచే పట్టము పొందకయే మరుసటి యేడు విడువవలసివచ్చెను. ఆయన చిరిగిన జోళ్లను చూచి జాలిపడి యెవరో గది వాకిట క్రొత్తవి యుంచగా, వానిని విసరివైచెనని చరిత్రకారుడు బాస్వెల్ తెలిపెను. ఆ యభిమానమే జీవితాంతము ఆయనకు తోడైనది.

1735లో తనకంటె ఇరువదియేండ్లు పెద్దదియైన ఎలిజబెత్ పోర్టరను వితంతువును పరిణయమాడెను. ఈడియలులో నెలకొల్పిన పాఠశాల నిలువలేదు. 1737లో శిష్యుడు డేవిడ్ గారిక్‌తో లండను చేరి, పత్రికలకు వ్రాయుచు పొట్టపోసికొనెను. 1750 మొదలు 1752 వఱకు వారమునకు రెండుమార్లు వెలువడిన రాంబ్లర్ పత్రిక 208 సంచికలలో దాదాపు అన్నియు ఆయన రచనలే. నామమునకు నామము, క్రియకు క్రియ, ఖండమునకు ఖండము సరితూగు శైలి అందు స్థిరపడెను. తొలి ఖండము దారి చూపుటచే చదువరికి మలి ఖండము సులభగ్రాహ్యమగును. భావముల సామ్యభేదములు కంటికి గట్టును.

1746లో లండను పుస్తక విక్రేతలు ఆంగ్ల నిఘంటువును రచింప ఆయనతో ఒడంబడిక చేసికొనిరి. మరుసటి యేడు దాని ప్రణాళికను చెస్టర్‌ఫీల్డు ప్రభువు నుద్దేశించి ప్రకటించెను. ప్రభువునుండి పది పౌనులు ముట్టెను, ఆదరణము ముట్టలేదు. ఆరుగురు సహాయకులతో గఫ్ స్క్వేరు ఇంటి పైగదిలో కృషి సాగెను. 1752లో భార్య మరణించెను. 1754లో, గ్రంథము వెలువడబోవుచుండగా, ప్రభువు దానిని కొనియాడుచు రెండు వ్యాసములు వ్రాసెను.

1755 ఫిబ్రవరి 7వ తేదీన జాన్సన్ ఆయనకు లేఖ పంపెను. ఆలస్యముగా వచ్చిన ఆదరము తనకేల వ్యర్థమో అందు మూడు వాక్యఖండములలో చెప్పెను. మూడును ఒకే పదముతో మొదలగును. ప్రతి ఖండమునను తొలుత తన స్థితియు, పిదప ఆ స్థితిలో సాయము నిష్ఫలమగుటయు కలవు. మొదటిదానిలో నిరాసక్తత, రెండవదానిలో ఒంటరితనము, మూడవదానిలో కీర్తి. భార్య పేరెత్తకయే ఆమె మరణము నడిమి ఖండమున ఇమిడియున్నది. దూషణపదమొకటియు వాడక, ఏడేండ్ల బాధనంతయు ఆ సమనిర్మాణము మోసినది.

ఆ యేప్రిలులో సుమారు 42,000 పదములతో, లక్షకు మించిన ఉదాహరణములతో, నిఘంటువు రెండు సంపుటములుగా వెలువడెను. 1762లో రాజప్రభుత్వము ఏటేట 300 పౌనుల భృతి నొసగెను. 1779-81 మధ్య వెలువడిన కవుల జీవితములలో డ్రైడను, పోపు కవులను తూచిన ఘట్టము సమనిర్మాణమునకు మేటి నమూనా.

తూకముకొఱకే అక్కఱలేని పదములు చేర్చెనని ఆయనను నిందించిన విమర్శకులు లేకపోలేదు. ఆ నింద కొంత సత్యమే. రాంబ్లర్ రచనలలోని బరువు కవుల జీవితములలో చాల తగ్గినది. 1784 డిసెంబరు 13వ తేదీన జాన్సన్ కన్నుమూసెను. వెస్ట్‌మినిస్టర్ ఆబీలో సమాధియున్నది. చెప్పవలసిన భావములు నిజముగా సమానములైనపుడే వాక్యఖండములను సమానముగా నిలుపవలెనని, భావము లేని తూకము శ్రోత్రసుఖము మాత్రమేనని ఆయన గుణదోషములు రెండును విద్యార్థికి బోధించుచున్నవి.