నదికి సరిహద్దులు లేవు

డాక్టర్ భీమరావ్ రాంజీ అంబేద్కర్ అనగానే భారత రాజ్యాంగం గుర్తుకు వస్తుంది. అంటరానితనంపై ఆయన సాగించిన పోరాటం గుర్తుకు వస్తుంది. వరదల నివారణకు కూడా ఆయన కృషి చేశారన్న సంగతి చాలామందికి తెలియదు.

అంబేద్కర్ 1891 ఏప్రిల్ 14న మౌ పట్టణంలో జన్మించారు. బడిలో ఆయనను తోటి పిల్లలతో కలిసి కూర్చోనిచ్చేవారు కాదు. దాహం వేసినా నీటికుండను ముట్టుకోనిచ్చేవారు కాదు. అయినా పట్టుదలతో చదివి, కొలంబియా, లండన్ విశ్వవిద్యాలయాలలో అర్థశాస్త్రం అభ్యసించారు. కేంద్రానికి, రాష్ట్రాలకు మధ్య ఉన్న ఆర్థిక సంబంధాలపై పరిశోధన చేశారు. 1927లో మహాడ్ పట్టణంలోని చెరువు నీటిపై అందరికీ హక్కు ఉన్నదని చాటుతూ వేలమందితో సత్యాగ్రహం నడిపారు.

1942లో ఆయన వైస్రాయి కార్యనిర్వాహక మండలిలో కార్మిక శాఖ సభ్యులయ్యారు. నీటిపారుదల, విద్యుత్తు కూడా ఆ శాఖ పరిధిలోనే ఉండేవి.

1943 జులైలో దామోదర్ నదికి పెద్ద వరద వచ్చింది. బర్ద్వాన్ ప్రాంతంలో గట్టు తెగి ఊళ్లు మునిగాయి. రైలు మార్గం, గ్రాండ్ ట్రంకు రోడ్డు దెబ్బతిన్నాయి. యుద్ధం, కరవు పీడిస్తున్న ఆ రోజుల్లో కలకత్తాకు రాకపోకలు నిలిచిపోయాయి.

గట్టును పూడిస్తే సరిపోదని అందరికీ తెలుసు. అసలు చిక్కు మరొకటి ఉంది. దామోదర్ అప్పటి బీహారులో, అంటే నేటి జార్ఖండ్‌లో పుట్టి బెంగాలుకు ప్రవహిస్తుంది. వరదలో మునిగేది బెంగాలు. ఆనకట్టలకు అనువైన చోట్లు ఎక్కువగా బీహారులో ఉన్నాయి. ఆనకట్ట కడితే ముంపు బీహారుకు, రక్షణ బెంగాలుకు. అప్పటి చట్టం ప్రకారం నీరు రాష్ట్రాల అధికారంలోనిది. కేంద్రం ఆజ్ఞాపించి చేయించగల పని కాదు.

అంబేద్కర్ 1945 జనవరి 3న రెండు రాష్ట్రాల ప్రతినిధులను కలకత్తాలో సమావేశపరిచారు. ఆనకట్టలు వరదను ఆపడంతోపాటు పొలాలకు నీరు, పరిశ్రమలకు విద్యుత్తు ఇవ్వాలన్నది ఆయన ఆలోచన. అప్పుడు లాభం ఇద్దరికీ దక్కుతుంది, భారాన్ని పంచుకోవడానికి ఇద్దరూ ముందుకు వస్తారు. అదే సంవత్సరం నవంబరులో కటక్‌లో మహానది వరదలపై మరో సమావేశం జరిపారు. నీరు ఎక్కువగా ఉండడం కీడు కాదని, దానిని నిల్వ చేసుకోకపోవడమే నష్టమని అక్కడ వివరించారు.

1946 వరకే ఆయన ఆ పదవిలో ఉన్నారు. ఆయన వేసిన బాటలోనే 1948లో దామోదర్ లోయ కార్పొరేషన్ ఏర్పడింది. కేంద్రం, పశ్చిమ బెంగాల్, బీహారు అందులో భాగస్వాములు. 1959 నాటికి తిలైయా, కోనార్, మైథాన్, పంచేట్ ఆనకట్టలు పూర్తయ్యాయి. మొదట అనుకున్న ఆనకట్టలన్నీ కట్టలేదు. అందువల్ల వరదలు తగ్గాయే గాని పూర్తిగా ఆగలేదు. 1978లో మళ్లీ పెద్ద వరద వచ్చింది. ఆనకట్టల కోసం వేలాది కుటుంబాలు సొంత ఊళ్లు వదులుకోవలసి వచ్చింది. వారి త్యాగాన్ని కూడా మనం మరువరాదు.

రాజ్యాంగం నీటిని రాష్ట్రాలకు అప్పగించింది. అయితే ఒకటికి మించిన రాష్ట్రాలలో ప్రవహించే నదుల నియంత్రణకు చట్టాలు చేసే అధికారాన్ని పార్లమెంటుకు ఇచ్చింది. ఆ రాజ్యాంగ రచనా సంఘానికి అధ్యక్షుడు అంబేద్కరే.

1956 డిసెంబరు 6న ఆయన కన్నుమూశారు. మరి కొద్ది వారాలకే, 1957 జనవరి 13న, మహానదిపై హిరాకుడ్ ఆనకట్టకు ప్రారంభోత్సవం జరిగింది. ఎగువ ఊరు, దిగువ ఊరు కలిసి ఆలోచిస్తేనే నది అందరికీ మేలు చేస్తుందని ఆయన కృషి మనకు నేర్పుతుంది.