ఆనకట్టే కాదు.. నీటికి కట్టుబాటూ కట్టిన విశ్వేశ్వరయ్య

సెప్టెంబరు 15 వచ్చిందంటే ఇంజినీర్ల దినోత్సవం. ముద్దేనహళ్లి సమాధి వద్ద పూలమాలలు, కాలేజీల్లో ఉపన్యాసాలు, తలపాగా ఫొటో ముందు దీపం. కృష్ణరాజసాగరం కట్టిన మహానుభావుడని అందరూ కొనియాడతారు. మన కోలారు, చిక్కబళ్లాపురం పల్లెల్లోనైతే తెలుగింటి బిడ్డ అని కాస్త గర్వంగానే చెప్పుకొంటారు. అయితే సర్ మోక్షగుండం విశ్వేశ్వరయ్య కట్టిన గోడల గురించి తెలిసినంతగా, ఆయన గీసిన నీటి పంపకం గురించి మనకు తెలియదు. నిజానికి రైతుకు ఎక్కువ పని పడేది ఆ రెండోదానితోనే.

మోక్షగుండం నుంచి ముద్దేనహళ్లికి

విశ్వేశ్వరయ్య పూర్వీకుల ఊరు గిద్దలూరు ప్రాంతంలోని మోక్షగుండం. అక్కడి నుంచి మైసూరు సీమకు తరలివచ్చిన కుటుంబం వారిది. ఊరు మారింది గానీ ఇంటి పేరు మారలేదు, ఇంట్లో తెలుగూ పోలేదు. తండ్రి శ్రీనివాసశాస్త్రి సంస్కృత పండితుడు. తల్లి వెంకటలక్ష్మమ్మ. 1861 సెప్టెంబరు 15న ముద్దేనహళ్లిలో పుట్టిన ఆయనకు చిన్నతనంలోనే తండ్రి దూరమయ్యారు. బెంగళూరు సెంట్రల్ కాలేజీలో చదువుతూనే పిల్లలకు ట్యూషన్లు చెప్పి పొట్టపోసుకున్నారు. బీఏ అయ్యాక మైసూరు సర్కారు ఇచ్చిన ఉపకార వేతనంతో పుణె వెళ్లి ఇంజినీరింగు చదివారు. 1884లో బొంబాయి ప్రజాపనుల శాఖలో అసిస్టెంట్ ఇంజినీరుగా చేరారు. తొలి కొలువు నాసిక్‌లో.

ఆయన పుట్టిన సీమలో ఏడాది పొడవునా పారే నది లేదు. చెరువు నిండితే పంట, లేకుంటే వలస. తూము దగ్గర నీరుగంటి ఏ మడికి ఎంత వదిలితే అంతే. ఇలాంటి ఊళ్లో పెరిగిన కుర్రాడు జీవితమంతా నీటి లెక్కలతోనే గడపడం మన వాళ్లకు వింతగా తోచదు.

నీరా కాల్వ కింద తగవు

పంతొమ్మిదో శతాబ్దం చివరి రోజులు. బొంబాయి రాష్ట్రంలో 1899-1900 కరవు జనాన్ని కుదిపేసింది. కరవు సీమకు నీళ్లివ్వాలనే పుణె చుట్టుపక్కల ప్రభుత్వం కాల్వలు తవ్వించింది. నీరా కాల్వ వాటిలో ఒకటి. తవ్వింది కరవు నుంచి కాపాడేందుకే అయినా, కాల్వ పారడం మొదలయ్యాక జరిగింది వేరు.

నీళ్లు దగ్గరున్న రైతు చెరకు వేశాడు. చెరకంటే ఏడాదంతా తడి. పోనీ సర్కారు అడ్డుకుందా అంటే, నీటి తీరువా ఎక్కువ వచ్చేది కూడా చెరకు మీదే. అప్పట్లో పద్ధతి ఏమిటంటే ఎవరికి నీళ్లు కావాలంటే వారు అర్జీ పెట్టుకోవాలి. ఇక్కడ రెండెకరాలు, అరకోసు అవతల మూడెకరాలు. చెదురుమదురు పొలాల కోసం పిల్లకాల్వ మైళ్ల దూరం పారేది. సగం నీళ్లు దారిలోనే ఇంకిపోయేవి. మొదట్లో ఉన్న పొలాల్లో మితిమీరిన తడికి ఊట పుట్టేది, చౌడు తేలేది. దోమలు, మలేరియా సరేసరి. కొసన ఉన్న ఊళ్లకు కాల్వ ఉందన్న పేరే తప్ప నీటి బొట్టు అందేది కాదు.

కరవు ఏడాదిలో ఈ గుట్టు బయటపడింది. ఉన్న కొద్ది నీళ్లూ ముందే వేసిన చెరకుకు పోతే, జొన్న పైరును కాపాడేదెలా? ఒకరి తోట పచ్చగా ఉండటానికి పది ఊళ్ల పంట ఎండాలా? ఆ కాల్వల బాధ్యత చూస్తున్న విశ్వేశ్వరయ్య ముందున్న ప్రశ్న ఇదే.

మూడో వంతు లెక్క

ఆయన చెప్పిన మందు పేరు బ్లాకు పద్ధతి. ఊరూరా మురుగు బాగా పోయే మంచి నేలను ఎంచి, దాన్ని ఒక బ్లాకుగా గుర్తించాలి. కాల్వ నీళ్లు ఆ బ్లాకులకే పారాలి. బ్లాకులో సుమారు మూడో వంతు మాత్రమే చెరకు. మిగిలిన రెండు వంతుల్లో తక్కువ నీటితో పండే పైర్లు. ఏటా పంట చోటు మారుతూ ఉండాలి. ఈ ఏడు చెరకు వేసిన మడికి వచ్చే ఏడు ఆరుతడి పంట.

దీంతో ఒక దెబ్బకు నాలుగు పనులు. పిల్లకాల్వల పొడవు తగ్గి ఇంకుడు నష్టం తగ్గుతుంది. పంట మార్పిడితో నేల సారం నిలుస్తుంది. అతి తడి ఉండదు గనుక చౌడు, దోమల బెడద తగ్గుతుంది. అన్నిటికన్నా ముఖ్యం, మిగిలిన నీళ్లు కింది ఊళ్లకు దిగుతాయి. చెరకును ఆయన నిషేధించలేదు. తీరువా లేకపోతే కాల్వ నడవదని ఆయనకు తెలుసు. దానికి హద్దు పెట్టారు, అంతే.

రైతులు వెంటనే ఒప్పుకోలేదు. నా పొలంలో ఏం వేయాలో సర్కారు చెప్పడమేమిటన్నది వారి అభ్యంతరం. అది కొట్టిపారేయదగింది కాదు. అప్పు చేసి తోట వేసినవాడికి నీళ్లు ఆగితే బతుకే ఆగుతుంది. అందుకే ఆయన హుకుం జారీ చేసి ఊరుకోలేదు, రైతులకు నచ్చజెప్పే పని కూడా నెత్తికెత్తుకున్నారు. క్రమంగా దక్కన్ కాల్వల కింద బ్లాకులు పాదుకున్నాయి.

గేట్లు.. చెరువులు.. వరదలు

అదే రోజుల్లో పుణె దగ్గర ఖడక్వాస్లా జలాశయం మీద ఆయన మరో ప్రయోగం చేశారు. ఆనకట్ట ఎత్తు పెంచకుండానే ఎక్కువ నీళ్లు నిలిపేలా, వరద వస్తే వాటంతటవే తెరుచుకొని తగ్గాక మూసుకునేలా గేట్లు రూపొందించారు. 1903లో వాటిని అమర్చారు. పేటెంటు ఉన్నా రాయల్టీ పుచ్చుకోలేదు. ఉన్న గోడతోనే ఇంకాస్త నీరు దాచుకోవాలన్నది ఇక్కడి ఆలోచన.

1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి హైదరాబాద్‌ను ముంచింది. వేల మంది పోయారు. నిజాం సర్కారు పిలుపుపై 1909లో వచ్చిన విశ్వేశ్వరయ్య నగరంలోని నది గట్లను మాత్రమే చూసి వెళ్లిపోలేదు. ఎగువ పరీవాహకంలోని చెరువుల లెక్క తీశారు. రెండు వందలకు పైగా చెరువులు ఒకదాని వెంట ఒకటి తెగడం వరదను ఎంత పెంచిందో తేల్చారు. మూసీ, ఈసీ నదులపై నగరానికి ఎగువన జలాశయాలు కట్టాలన్నారు. అవే తర్వాత ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ అయ్యాయి. వరద ఆపే గోడే నగరానికి తాగునీరూ ఇచ్చింది.

ఒడిశాలోని మన వాళ్లకూ ఆయనతో చుట్టరికం ఉంది. మహానది డెల్టాను ఏటా ముంచే వరదలకు ఎగువన జలాశయాలే మార్గమని 1930లలో ఆయన సూచించారు. స్వాతంత్ర్యం వచ్చాక కట్టిన హీరాకుడ్ వెనుక ఉన్న ఆలోచనల్లో అదొకటి.

కన్నంబాడి కట్టె

1909 చివర్లో ఆయన మైసూరు చీఫ్ ఇంజినీరుగా సొంత సీమకు తిరిగొచ్చారు. 1911లో కావేరిపై కన్నంబాడి దగ్గర ఆనకట్ట పని మొదలైంది. డబ్బు ఎక్కడిదని దర్బారులోనే ప్రశ్నలు. దిగువన మద్రాసు ప్రభుత్వం అభ్యంతరం. అనుమతి తక్కువ ఎత్తుకే దొరికినా, పునాది మాత్రం పూర్తి ఎత్తుకు సరిపడా వేయించారు. తంజావూరు రైతుకు ఇది అనుమానం పుట్టించింది. ఎగువన గోడ లేస్తే మా కురువై పైరు గతేమిటన్నది వారి భయం. మధ్యవర్తి తీర్పులు, వాదోపవాదాలు గడిచి 1924లో మైసూరు, మద్రాసు ఒప్పందానికి వచ్చాయి. ఇక్కడ కృష్ణరాజసాగరం, అక్కడ మెట్టూరు లేచాయి.

1912 నుంచి 1918 దాకా ఆయన మైసూరు దివాను. మైసూరు బ్యాంకు, విశ్వవిద్యాలయం, హెబ్బాళ వ్యవసాయ పాఠశాల ఆ కాలంలో వచ్చినవే. బ్రాహ్మణేతరులకు ఉద్యోగాల్లో వాటా ఇవ్వాలన్న మహారాజు ఆలోచనతో విభేదించి పదవి వదిలారు. ఈ విషయంలో ఆయనను తప్పుపట్టేవారు నేటికీ ఉన్నారు. నీటిలో కింది ఊరి వాటా చూసిన మనిషి కొలువుల్లో వాటా దగ్గర వెనకాడారన్నది వారి మాట. ఆయన జీవితం చెప్పేటప్పుడు దీన్ని దాటవేయనక్కర్లేదు.

గోడ నిలిచింది.. లెక్క చెదిరింది

1930లలో మండ్య వైపు ఇర్విన్ కాల్వ పారింది. తర్వాత దానికి విశ్వేశ్వరయ్య పేరే పెట్టారు. దాని కింద కూడా మైసూరు ప్రభుత్వం బ్లాకు పద్ధతినే ఎంచుకొంది. వరి, చెరకు, ఆరుతడి పంటలను మడి మార్చి మడి వేయాలన్నది నియమం. మొదట్లో నడిచింది. తర్వాత తర్వాత సడలిపోయింది. నేడు మండ్యలో కాల్వ కింద చూస్తే వరి, చెరకే. నీరా కాల్వ సీమలోనూ అంతే. మహారాష్ట్రలో సాగయ్యే భూమిలో చెరకు కొద్ది పాలే, సాగునీటిలో మాత్రం పెద్ద పాలు దానిదే.

కావేరి తగవు సంగతి చెప్పనే అక్కర్లేదు. 2007లో ట్రిబ్యునల్ తీర్పు, 2018లో సుప్రీంకోర్టు తీర్పు, అదే ఏడాది నీటి నిర్వహణ ప్రాధికార సంస్థ వచ్చాయి. అయినా 2023లో వానలు తగ్గగానే రెండు వైపులా రైతులు రోడ్డెక్కారు. రాష్ట్రాల మధ్య వాటా కోర్టులు తేల్చగలవు. ఆ వాటా లోపల ఏ పంటకు ఎంత అన్నది ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రమే తేల్చుకోవాలి. బ్లాకు పద్ధతి పట్టుకున్నది సరిగ్గా ఆ ముడినే.

సొంతూరి చెరువులు

విశ్వేశ్వరయ్య వందేళ్లు నిండు జీవితం గడిపి 1962 ఏప్రిల్‌లో కన్నుమూశారు. అంతకు ఏడేళ్ల ముందు, 1955లో భారతరత్న అందుకున్నారు. ముద్దేనహళ్లిలోనే అంత్యక్రియలు జరిగాయి. ఆ ఊరికి ఆయన కట్టిన ఏ ఆనకట్ట నీళ్లూ రావు. చిక్కబళ్లాపురం, కోలారు జిల్లాల్లో బోర్లు వెయ్యి అడుగులు దాటాయి. భూగర్భజలాల నియంత్రణకు కర్ణాటక 2011లో చట్టం చేసినా బోరుబండ్లు ఆగలేదు.

2018 నుంచి బెంగళూరు మురుగునీటిని శుద్ధి చేసి కోలారు చెరువులకు పంపుతున్నారు. ఆ తర్వాత చిక్కబళ్లాపురం చెరువులకూ పథకం వచ్చింది. ఆ నీళ్లు భూమిలోకి ఇంకాలి గానీ చెరువు నుంచి నేరుగా మోటార్లతో తోడకూడదన్నది నిబంధన. శుద్ధి మూడో దశ దాకా జరగాలన్నది రైతుల కోరిక. వందేళ్ల నాటి నీరా కాల్వ ప్రశ్నే మళ్లీ మన చెరువు కట్ట మీదికొచ్చింది. గట్టు పక్క మోటారు ఉన్నవాడికా, దిగువన బోరు ఎండినవాడికా? నీళ్లు తెచ్చిపెట్టడం పైపుల పని. ఆ పంపకం తేల్చడం మాత్రం ఊరి వాళ్లదీ సర్కారుదీ.